ఇనాబత్ కలిపిన చెయ్యి

ఇనాబత్ మొదటి గెలుపు ఒక వంద డాలర్ల నోటు. నోటు మీది పెద్దాయన నుదుటి మీద వేలెడు పొడవున నీలి సిరా గీత ఉన్న ఆ నోటును, 1999 వసంతంలో, మర్గిలాన్ బజారులో మా దేశపు డబ్బు సుమ్‌లలో ఒక్కటి కూడా కోత పడకుండా మార్చుకొచ్చింది. ఇదేం ఘనకార్యం అనేవాళ్లు ఆ బజారులో నోటు పట్టుకుని ఎప్పుడూ నిలబడి ఉండరు. డాలరు మడత పడితే అక్కడ ఒక ధర, మాసిపోతే ఇంకో ధర. సిరా అంటిందంటే నూటికి పదిహేను కోత, అది కూడా దయ తలిస్తేనే.

ఆ నోటు ఆమె భర్త యోల్దోష్ రష్యా నుంచి ఎవరి చేతనో పంపినది. అప్పటికి పట్టుమిల్లు మూతపడి ఏడాది. ఇంట్లో పన్నెండేళ్ల చెల్లెలు ముకర్రం, పిండి డబ్బాలో అడుగున గరిటెడు పిండి. ఇనాబత్ పొద్దున్నే బజారుకు వెళ్లి, డబ్బు మార్చే మారకందార్లు పదకొండు మందికి ఆ నోటు చూపించింది. పదకొండు మందీ గీతను గోటితో గీకి చూసి కోత చెప్పారు. ఆమె వెనక్కి రాలేదు. రొట్టెల వరస పక్కన గోడకు ఆనుకుని పొద్దు వాలేదాకా నిలబడి, ఆ పదకొండు మందీ తమ నోట్లను ఏం చేస్తున్నారో చూసింది. సాయంత్రం సరిహద్దు సంతకు పోయే లారీల వ్యాపారులు వచ్చారు. మారకందార్లు వాళ్లకు నోట్లు కట్టలుగా ఇచ్చారు. వ్యాపారులు కట్టను వంచి అంచులు లెక్కపెట్టుకున్నారే తప్ప ఒక్కొక్క నోటు ముఖం ఎవరూ చూడలేదు.

ఇనాబత్ తిన్నగా హమ్‌దమ్ దగ్గరికి నడిచింది. కుడికాలు కాస్త ఈడ్చి నడిచే ఆ కుర్ర మారకందారు ఆ రోజుల్లో బజారుకు కొత్త.

"ఈ నోటును లారీవాళ్ల కట్ట మధ్యలో పెట్టి ఇచ్చేస్తావు. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎవరూ చూడని గీతకు నా చేత ఎందుకు కట్టిస్తావు తమ్ముడూ?" అంది.

హమ్‌దమ్ నవ్వాడు. నవ్విన మారకందారు సగం ఓడిపోయినట్టే. పూర్తి రేటు ఇచ్చి, మీరు ఎవరింటి మనిషి అక్కా అని అడిగి పేరు గుర్తుపెట్టుకున్నాడు.

యోల్దోష్ ఆ తర్వాత ఇంకో రెండు నోట్లు పంపాడు. నాలుగో ఏడు అతను అక్కడే వేరే కాపురం పెట్టాడన్న కబురు వచ్చింది. ఇనాబత్ ఆ రోజు కూడా బజారుకు వెళ్లింది. పక్కింటి వాళ్లకు పెళ్లి సామాను కోసం మూడు వందలు మార్చి పెడతానని మాట ఇచ్చి ఉంది మరి.

ఆమె చదివింది ఊరి బడిలో ఎనిమిది తరగతులు. అంత చదువుతోనే ఆమె తెలుసుకున్నవి బ్యాంకులో కోటు వేసుకున్నవాళ్లకు తెలియలేదు. గురువారం లారీలు సరిహద్దుకు పోతాయి గనక ఆ రోజు డాలరు పైకి లేస్తుంది, సోమవారం చల్లబడుతుంది. కాబట్టి కొనేది సోమవారం, అమ్మేది గురువారం. కొనడానికి వచ్చావో అమ్మడానికి వచ్చావో మొదటి మాటలో బయటపడకూడదు. "ఎంత నడుస్తోంది?" అని మాత్రం అడిగి, ఆకాశం వైపు చూస్తూ నిలబడాలి. అవతలివాడు తికమకపడి రెండు రేట్లూ చెబుతాడు. ఈ విద్య ఆమెదే. తర్వాత అందరూ నేర్చుకున్నారు, అది వేరే సంగతి.

అన్నిటికన్నా మించింది ఆమె చెయ్యి. మా దగ్గర బేరం నోటితో తెగదు, చేతితో తెగుతుంది. గొర్రెలకైనా డాలర్లకైనా ఇద్దరూ చేతులు కలిపి, ఊపి ఊపి, ఆఖరికి ఒక మాట దగ్గర ఆపుతారు. చెయ్యి ఆగాక నోట్లు బయటికి తీసి లెక్కపెట్టుకుంటారు. లెక్క తక్కువైతే అడగొచ్చు, బేరం మాత్రం ఇక మారదు. చెయ్యి కలిపి వెనక్కి తీసుకున్నవాడి ముఖం మళ్లీ ఆ వరసలో ఎవరూ చూడరు. 2008లో ఇనాబత్ ఒక రేటుకు అమ్ముతానని చెయ్యి కలిపి, అవతలివాడు డబ్బు సంచి తెచ్చేలోగా డాలరు ముప్పై సుమ్‌లు పెరిగింది. అమ్మేది ఆమె సొమ్మే. చుట్టూ ఉన్నవాళ్లు కళ్లతో సైగలు చేశారు. ఆమె పాత రేటుకే నోట్లు లెక్కపెట్టింది. ఇచ్చేసింది, అదీ సంగతి.

నలభై ఒక్క పెళ్లిళ్లు, ఆరు హజ్ యాత్రలు, తొమ్మిది ఇళ్లు, మూడు కార్లు. ఇన్ని పనులకు మా వీధివాళ్లు పరాయి సొమ్ము కట్టవలసి వచ్చినప్పుడు రేటు తెచ్చింది ఇనాబతే. ఇళ్ల ధరలు డాలర్లలో చెప్పేవారు, జీతాలు సుమ్‌లలో వచ్చేవి. బ్యాంకు బోర్డు మీద ఒక రేటు ఉండేది కానీ ఆ రేటుకు కిటికీలోంచి డాలరు ఎవరికీ వచ్చేది కాదు. బజారులో ఉన్న రేటు దానికి రెట్టింపు, పైగా నేరం. అందరూ చేసే నేరం. ఇన్నేళ్లలో ఇనాబత్ ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. పని అయినవాళ్లు గుడ్డలో చుట్టిన ఒక రొట్టె తెచ్చి ఇచ్చేవారు. అది కూడా వేడిగా ఉంటేనే తీసుకునేది.

పదో ఇల్లు చెల్లెలిది.

ముకర్రం పట్టు నేస్తుంది. ముడులు కట్టి రంగులద్దిన పడుగును గుంట మగ్గం మీద పరిచి, రోజంతా కాళ్లు గుంటలోనే ఉంచి కూర్చుంటుంది. ఆమె భర్త పోయాక ఆరేళ్లుగా ఉంటున్నది ముసలి సోత్‌వోల్ది ఇంట్లో, అద్దెకు. నాలుగు గదులు, మధ్యలో వాకిలి, తూర్పు గదిలో నేలలోకి దిగిన మగ్గం. 2017 చలికాలంలో సోత్‌వోల్ది వచ్చి, తను కూతురి దగ్గరికి రష్యాలోని కజాన్ వెళ్లిపోతున్నానని, ఇల్లు అమ్మేస్తానని చెప్పాడు. ఆరు వేల ఐదు వందల డాలర్లు. ముందు నిన్నే అడుగుతున్నాను అన్నాడు. ఏప్రిల్ పద్నాలుగు శుక్రవారం దాకా ఆగుతాడు. శనివారం అతని రైలు. ఈలోగా డబ్బు రాకపోతే గోదాము కట్టుకోవడానికి అడుగుతున్న మనిషి ఒకడున్నాడు.

ముకర్రం తన దగ్గరున్న పట్టంతా అమ్మింది. గాజుల్లో రెండు ఉంచుకుని మిగతావి అమ్మింది. చీటీ పాట పాడి ఎత్తుకుంది. మొత్తం ఐదు కోట్ల యాభై వేల సుమ్‌లు, రెండు పిండి సంచుల నిండా. డాలరు ఏడు వేల ఏడు వందలు దాటకపోతే ఆ సంచులు సరిగ్గా ఇంటి ధర అవుతాయి. దాటితే కావు. ఆ వసంతంలో డాలరు వారం వారం పైకి పోతూనే ఉంది.

"ఏడు వేల ఏడు వందలు. అంతకు మించి ఒక్క సుమ్ పెట్టను," అంది ఇనాబత్.

"పెడితే ఏమవుతుందక్కా? ఎవర్నైనా కాస్త అడుగుదాం."

"నలభై ఒక్క పెళ్లిళ్లకు పెట్టనిది నీ ఇంటికి పెడతానా? నోరు మూసుకుని సంచి పట్టుకో."

సోమవారమే కొనాలని ఆమె లెక్క. కాని చీటీ డబ్బు బుధవారం సాయంత్రం గాని చేతికి రాలేదు. అలా కొనకూడని రోజున, గురువారం, ఏప్రిల్ పదమూడున, అక్కాచెల్లెళ్లు సంచులు చేతిబండి మీద వేసుకుని, పైన ఉల్లికాడలు కప్పుకుని బజారుకు బయల్దేరారు.

హమ్‌దమ్ ఐదు వేల డాలర్లు సిద్ధంగా ఉంచాడు. గురువారం అని రేటు పెంచలేదు. ఏడు వేల ఏడు వందలకే చెయ్యి కలిపాడు. అప్పటికి అతని జుట్టు నెరిసింది, కాలు ఇంకా ఈడుస్తున్నాడు. అతని మనుషులు ఇద్దరు సుమ్ కట్టలు లెక్కపెడుతుంటే ఇనాబత్ డాలర్లు ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసింది. ఆ నోట్లను రొట్టె గుడ్డలో, రెండు రొట్టెల నడుమ పెట్టి చుట్టి చెల్లెలి చేతికిచ్చింది. నువ్వు ఇంటికి పో, దారిలో ఎవరు పిలిచినా ఆగకు అని ముకర్రంను పంపేసింది.

ఇంకా పదిహేను వందలు కావాలి. హమ్‌దమ్ బజారు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"అక్కా, ఇవాళ గాలి బాగోలేదు. తెలియని ముఖాలు తిరుగుతున్నాయి. కొకంద్ నుంచి నా మనిషి నాలుగింటికి వస్తాడు. పదిహేను వందలూ ఇస్తాడు. ఏడు వేల ఎనిమిది వందలు."

"ఎనిమిదా?"

"గురువారం కదా అక్కా. ఆ పైన వంద నేను వేసుకుంటా. నువ్వు మాట్లాడకు."

ఆ పైన వంద అంటే మొత్తం మీద లక్షన్నర సుమ్‌లు. నాలుగైదు కిలోల మాంసం ఖరీదు. ఇనాబత్ ముఖం గంటు పెట్టుకుంది.

"సిరా గీత నోటు నాడు కూడా నీ దగ్గర దానం పట్టలేదురా హమ్‌దమ్. ఇప్పుడు పడతానా? నాలుగింటికి ఏడు వేల ఏడు వందలకు మాట్లాడి ఉంచు. ఈలోగా నేను చూసుకుంటా."

ఆమె బండి తోసుకుంటూ రొట్టెల వరస వైపు వెళ్లింది. హమ్‌దమ్ ఆ తర్వాత నాలుగేళ్లుగా ఈ మాట దగ్గరే ఆగిపోతుంటాడు. ఆ లక్షన్నర ముందే ఆమె కొంగులో కట్టి ఉండాల్సింది అంటాడు. కట్టినా విప్పి ముఖాన కొట్టేది, అది అతనికీ తెలుసు.

రొట్టెల వరస చివర గోడకు ఆనుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. చేతిలో పొద్దుతిరుగుడు గింజల పొట్లం. ఇనాబత్ పక్కగా పోతుంటే ఆకాశం వైపు చూస్తూ అడిగాడు.

"ఎంత నడుస్తోందక్కా?"

కొంటాడో అమ్ముతాడో చెప్పలేదు. అచ్చంగా ఆమె విద్యే. బజారులో పుట్టి పెరిగినవాడు తప్ప ఇలా అడగడని ఆమె అనుకుంది. అడగడం ఎవరైనా నేర్చుకోవచ్చని ఆ క్షణాన తోచలేదు. ఆమె కూడా ఆకాశం వైపే చూసి, నువ్వే చెప్పు తమ్ముడూ అంది. అతను ఏడు వేల ఆరు వందలకు అమ్ముతానన్నాడు.

గురువారం ఆ రేటు ఎవరూ ఇవ్వరు. ఇంకొకరెవరైనా అలా చెప్పి వచ్చి ఉంటే, వాడి దగ్గరికి పోకురా, వల అది అని ఇనాబతే అరిచి ఉండేది. కాని రేటు ఆమెను ఊరించింది. లక్షన్నర దానం అక్కర్లేదు. పైగా లక్షన్నర మిగులుతుంది. ముకర్రంకు అమ్మిన గాజుల్లో ఒకటైనా తిరిగి వస్తుంది. ఆమె చెయ్యి చాచింది. అతను పట్టుకుని ఊపాడు. ఏడు వేల ఆరు వందలు, పదిహేను వందల డాలర్లు. చేతులు ఆగాయి.

అతను కుడిచెయ్యి వదలకుండానే ఎడం చేత్తో నోట్లు తీసి ఆమె ఎడం చేతిలో పెట్టాడు. ఇనాబత్ బొటనవేలితో జరుపుతూ చూసింది. మొదటిది, రెండోది, మూడోది. నాలుగో నోటు దగ్గర వేలు ఆగిపోయింది. నెంబర్లు వరసగా ఉన్నాయి. నూరు చేతులు తిరిగి వచ్చే బజారు డాలర్లు ఎప్పుడూ వరసలో ఉండవు. ఎవరో ఒక పెట్టెలోంచి తీసి, నెంబర్లు కాగితం మీద రాసుకుని, ఇతని చేతికి ఇచ్చారు.

డబ్బు రెండు వైపులా మారేదాకా నేరం పూర్తి కాదని ఆ వరసలో అందరికీ తెలుసు. సుమ్‌లు ఇంకా బండి మీదే ఉల్లికాడల కింద ఉన్నాయి. ఈ నోట్లు తిరిగి ఇచ్చేసి, వద్దు తమ్ముడూ అని బండి తోసుకుపోతే చాలు. పట్టుకున్నా నిలబడే కేసు కాదు.

"ఈ నోట్లు అన్నదమ్ముల్లా వరసగా నిలబడ్డాయేం?" అని అడిగింది.

"బ్యాంకు నుంచి తెచ్చాను అక్కా."

"బ్యాంకు ఎవరికిచ్చింది నాయనా, నీకిచ్చింది."

అతను నవ్వలేదు. ఆమె కుడిచెయ్యి ఇంకా అతని చేతిలోనే ఉంది. అతను మెల్లగా అన్నాడు.

"చెయ్యి కలిపాం కదా. ఇనాబత్ అక్క చెయ్యి వెనక్కి తీసుకుంటుందని నాకెవరూ చెప్పలేదే."

ఆమె తన పేరు అతనికి చెప్పలేదు.

రొట్టెలమ్మే ఆడవాళ్లు ఇద్దరు ఇటే చూస్తున్నారు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నవాళ్లే. ఇనాబత్ ఒకసారి వాళ్ల వైపు చూసి, బండి మీది ఉల్లికాడలు పక్కకు జరిపి, సంచిని అతని వైపు తోసింది. లెక్కపెట్టుకో అంది. తందూరు వెనక నుంచి ఇంకో ఇద్దరు వచ్చారు.

విచారణలో వాళ్లు అడిగింది ఒకటే ప్రశ్న. మిగతా డాలర్లు ఎవరి దగ్గర కొన్నావు, ఎక్కడున్నాయి. బండిలో రెండో సంచి ఖాళీగా ఉండటం వాళ్లు చూశారు. పేరు చెబితే ఇంటికి పోవచ్చు అన్నారు. పద్దెనిమిది రోజులు అడిగారు. హమ్‌దమ్ పేరు ఆమె నోట రాలేదు. ఆ పేరు వస్తే ఐదు వేలూ పోయేవి, హమ్‌దమ్ పోయేవాడు, చెల్లెలు వీధిన పడేది. ఆమె చేసిన అన్ని ఘనకార్యాల్లో ఇదే పెద్దదని మా వీధిలో అందరూ అంటారు. ఆమె ముందు మాత్రం ఎవరూ అనలేదు. అనడానికి ఆమె ఎక్కడుంది?

కోర్టులో కమీషన్ ఎంత తీసుకుంటావు అని అడిగారు. రొట్టె అని చెప్పింది. వెనక కూర్చున్నవాళ్లు నవ్వారు. కాగితంలో మాత్రం అంకె ఉండాలి గనక వాళ్లకు తోచిన అంకె రాసుకున్నారు. నాలుగేళ్లు జైలు. బండి మీది కోటీ పదిహేను లక్షల చిల్లరా జప్తు అయింది.

శుక్రవారం సోత్‌వోల్ది మాట తప్పలేదు, గడువు పెంచనూ లేదు. గోదాము మనిషి రెండు గదులకు తక్కువైతే ఒప్పుకోడు, ఐదు వేలకు వచ్చేది సగం ఇల్లే అన్నాడు. తూర్పు గదులు రెండూ వదిలి, పడమటి రెండు గదులూ ముకర్రం పేర రాసి రైలెక్కాడు. తూర్పు గదులు గోదాము మనిషి కొన్నాడు. పది రోజుల్లో వాకిలి మధ్యన గోడ లేచింది. కుళాయి అటువైపు పోయింది. మగ్గం గుంటా అటే.

ముకర్రం పడమటి గదిలో కొత్త గుంట తవ్వించుకుంది. కాని ఆ గది పొట్టిది. పడుగు పరిస్తే గుమ్మం దాటి వాకిట్లోకి, వాకిలి దాటి ఆ గోడ దాకా పోతుంది. ఎండ ఉన్నంతసేపే నేత. వాన పడితే పడుగు చుట్టేసి కూర్చోవాలి. చలికాలం మూడు నెలలు చేతులు ముడుచుకుని, ఆ గోడనే చూస్తూ ఉంటుంది.

మూడు నెలలకోసారి ఆమె రొట్టెలు కట్టుకుని అక్కను చూడబోతుంది. ఇనాబత్ ఇల్లెలా ఉంది, ఆరోగ్యమెలా ఉంది అని అడగక ముందు రేటెంత అని అడుగుతుంది. ఆ ఏడాది సెప్టెంబరులో ముకర్రం కొత్త జవాబు చెప్పింది. బ్యాంకు బోర్డు మీదే బజారు రేటు పెట్టేశారు. ఎనిమిది వేల నూరు. రెండు రేట్లు పోయి ఒకటే అయింది. వకీలును అడిగితే, రేటు మారింది గాని ఆ రోజు చేసినది ఆ రోజు నేరమే అన్నాడు. ఇంకో రెండేళ్లకు ఆ కిటికీలోంచే, కార్డు చూపించిన ఎవరికైనా డాలర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. మా వీధి పిల్లలు వరసలో నిలబడి తెచ్చుకుంటున్నారు. వాళ్లకు గురువారం ఏమిటో సోమవారం ఏమిటో తెలియదు.

ఇది విన్న రోజు ఇనాబత్ అడిగింది ఒక్కటే. "కిటికీలో చెయ్యి కలుపుతారా?"

"లేదక్కా. చీటీ ఇస్తారు."

"చీటీయా," అని తల తిప్పుకుంది.

అక్కడ కుట్టు మిషన్ల షెడ్డులో ఆమె పని. ఎడంచేతి బొటనవేలు, నాలుగో నోటు దగ్గర ఆగిన ఆ వేలే, సూది దిగి మొద్దుబారింది. ఇప్పుడు గుడ్డ మడత కూడా దానికి తెలియదని ముకర్రంతో చెప్పింది. వచ్చాక నోట్లు పట్టి చూడలేనని అనలేదు గాని, చెల్లెలికి అర్థమైంది.

హమ్‌దమ్ బజారు మానేశాడు. ప్రతి గురువారం ఒక వేడి రొట్టె గుడ్డలో చుట్టి తెచ్చి ముకర్రం గుమ్మంలో పెట్టి, లోపలికి రమ్మన్నా రాకుండా కాలీడ్చుకుంటూ పోతాడు. ముకర్రం ఆ రొట్టె సగం తిని, సగం ఎండబెట్టి సంచిలో వేస్తుంది. ఆ ఎండు రొట్టెలే జైలుకు మోస్తుంది.

పడమటి రెండో గది నిరుడే సున్నం వేయించి ఉంచింది. పరుపు కుట్టింది, కిటికీకి తన చేత నేసిన పట్టు తెర కట్టింది. ఆ కిటికీ తెరిస్తే గోడే కనిపిస్తుంది, అందుకే తెర. మసీదువాళ్లు ఇచ్చిన క్యాలెండరులో రంజాన్ మొదటి ఉపవాసం రోజున ఎర్ర దారం గుచ్చింది. నాలుగేళ్లూ పట్టుకున్న రోజు నుంచే లెక్క వేస్తారని వకీలు చెప్పాడు. ఆ లెక్కన ఇనాబత్ ఇంటికి వచ్చేది 2021 ఏప్రిల్ 13, మంగళవారం.